ఒంటి చెవి హెడ్‌సెట్

141వ రోజు

ఈరోజు ఆట మధ్యలో నా హెడ్‌సెట్ మైకు పోయింది.

ఉదయం మామూలుగానే గడిచింది. నాలుగున్నరకి పైకెక్కాను. సోలార్ పలకల మీద పాకుతూ దుమ్ము తుడిచే మరలను మేం బల్లులంటాం. నాకు అప్పగించిన ఏడో గడిలో అరవై రెండు బల్లులున్నాయి. తొమ్మిది బల్లులకి బ్రష్షులు మార్చాను. ఒకటి పలక అంచున తలకిందులుగా వేలాడుతుంటే దించి, చక్రంలో ఇరుక్కున్న తీగ ముక్క లాగేశాను. తొమ్మిదికి సైరన్ మోగింది. ఇక సాయంత్రం ఐదున్నర దాకా బయట మనిషి కనబడకూడదని చట్టం. పన్నెండు మెట్లు దిగి, ఇనుప తలుపు వేసుకుని, నేల లోపలి గదిలోకి వచ్చాను.

ఈ ఎనిమిదిన్నర గంటలు ఎలా గడుస్తాయో ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు. కొంత నిద్ర, కొంత వంట, మిగిలిందంతా ‘పొగమంచు’. ఆ ఆటలో ముగ్గురం కలిసి ఒక సరుకు పడవ నడుపుతాం. తెర మీద తెల్లటి పొగ తప్ప ఏమీ ఉండదు. రాళ్ళకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు, ఎదురొచ్చే పడవల బూరలు విని దారి పట్టుకోవాలి. కరీంనగర్‌లో నర్సుగా చేసే రుబీనా ఇంజను చూస్తుంది. నేను ముందు నిలబడి వింటాను. చుక్కాని సరంగు తాతది. పడవ నడిపేవాడు కాబట్టి సరంగు, గొంతు ముసలిది కాబట్టి తాత. ఆయన అసలు పేరు మాకు తెలియదు. ఎక్కడో సముద్రపు ఒడ్డువాడని యాసను బట్టి అనుకోవడమే. ఆయనకి రెండు కళ్ళూ కనబడవు. ఈ ఆటలో ఆయనను మించినవాళ్ళు లేకపోవడానికి అదే కారణం.

“తల్లీ, రాయెటుంది?” అన్నాడు.

“ఎడమకి తాతా.”

“తల్లీ, నిన్నే. ఎటుంది?”

గొంతు చించుకుని అరిచాను. పడవ రాయికి కొట్టుకుంది.

“ఏటమ్మా, పలకవేటి? కోపవొచ్చిందా నామీద?”

మైకు పోయిందని టైపు చేశాను. ఆయన దగ్గరున్న పాత పెట్టె రాతను చదివి వినిపించదు. రుబీనా చదివి చెప్పింది. “అలగా” అన్నాడు ఆయన. తర్వాత ఆటంతా నాతో మాట్లాడటం ఆపి రుబీనాతోనే మాట్లాడాడు.

143వ రోజు

పలకలు అతికించే సోల్డరింగ్ కడ్డీతో మైకు తీగ అతికి చూశాను. తీగ లోపల పిండిలా రాలిపోయింది. చెవుల మీది మెత్తలు ఎప్పుడో ఎండి, అప్పడంలా పెళుసెక్కి ఊడిపోయాయి. వినబడటం మాత్రం ఇంకా బాగానే వినబడుతుంది.

ఇక్కడ నాకున్న మైకు అదొక్కటే. ఇన్వర్టర్ల మోతకి ఈ సోలార్ పొలంలో ఫోన్లు పనిచేయవు. ఆఫీసుతో మాట్లాడాలన్నా గోడకున్న బోర్డు మీద రాయడమే. కర్నూలు ఆఫీసులో మా గడులు చూసుకునేది కుళ్ళాయప్ప. అతన్ని నేను చూసింది ఒకే ఒకసారి, చేరినరోజు. మాట్లాడినట్టే రాస్తాడు.

హెడ్‌సెట్ కావాలని రాశాను.

“డ్రోను పదైదు రోజులకొకతూరే గదక్కా. నూటయాభయ్యో రోజు సాయంత్రం లోపల ఆర్డరు పెట్టు. సొంత సామాను మూడొందల గ్రాములు దాటగూడదు. నీ అలవెన్సులో వచ్చేటివి మూడే ఉండాయి. జాబితా పంపిస్తాండా” అని జవాబిచ్చాడు.

146వ రోజు

మూడు రోజులుగా ఆ జాబితాయే చదువుతున్నాను.

మొదటిది గరుడ. చిన్న పడవ బూర ఎటునుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో కూడా తెలిసిపోతుందట. తేలిక. మైకు మాత్రం చెవి డిప్పలోనే ఒక చిల్లు. కొన్నవాళ్ళు రాసింది చదివితే, అందులో మాట్లాడితే నూతిలోంచి మాట్లాడినట్టు ఉంటుందని సగంమంది, అసలు వినబడదని సగంమంది.

రెండోది తీగ లేనిది. ఇన్వర్టర్ల పక్కన అది గుయ్యిమనడం తప్ప ఏమీ చేయదు. కొట్టేశాను.

మూడోదానికి పేరు కూడా లేదు. ఏవో కాల్ సెంటర్లు వాడి వదిలేసినవట, తుడిచి, బాగుచేసి అమ్ముతున్నారు. వేలెడంత మైకు నోటి ముందుకి వస్తుంది. గొంతు గాజులా వినబడుతుందని అందరూ రాశారు. కానీ దానికి ఒకే చెవి. ఒక చెవితో చప్పుడు వినొచ్చు, అది ఎడమనుంచో కుడినుంచో తెలియదు. పొగమంచులో అలాంటిది పెట్టుకుని ముందు నిలబడితే పడవను ముంచేయడమే.

“అక్కా, ఏం సోచాయిస్తున్నవ్? గరుడనే తీస్కో” అంది రుబీనా. “మనకు ఇనుడే ముఖ్యం. మాట్లాడేది నువ్ టైపు చేస్తే నేను చదువుత కదా.”

నిజమే. గరుడకే గుర్తు పెట్టాను.

రుబీనా వెళ్ళిపోయాక సరంగు తాత ఒక్కడే పడవలో మిగిలాడు. నేనున్నానని ఆయనకి తెలియదు. తనలో తనే గొణుక్కుంటున్నాడు. “ఉప్పు అయిపోనాది. సెప్పాల ఆ పిల్లకి” అంటున్నాడు. తలుపు చాటునుంచి వింటున్నట్టు నాకే సిగ్గేసింది. పడవ బూర ఒకసారి నొక్కాను.

“ఓలమ్మ! ఉన్నావేటి?”

మళ్ళీ నొక్కాను.

ఆయన పెద్దగా నవ్వాడు. “మరైతే ఒకపాలి ఊదితే ఔనని, రెండుపాల్లు ఊదితే కాదని. సరేనా?”

ఒకసారి ఊదాను. ఆ మధ్యాహ్నం గంటసేపు ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను ఊదుతూనే ఉన్నాను. అన్నం తిన్నావా, ఔను. కూరుందా, కాదు. పెళ్ళయిందా, ఔను. ఆయనున్నాడా, కాదు.

149వ రోజు

బయట యాభై ఒక్క డిగ్రీలు. రెండు బల్లుల కడుపులు ఉబ్బాయి, బ్యాటరీలు పోయి ఉంటాయి. రుబీనాకి వడదెబ్బ వార్డులో డ్యూటీ వేశారు. ఆదివారం దాకా రానంది.

సరంగు తాత మైకులో వెనకాల ఎప్పుడూ కూలర్ చప్పుడు ఉండేది. ఈరోజు లేదు. “కరెంటు వొత్తంది, పోతంది” అన్నాడు. ఆయన ఆడే పెట్టె బ్యాటరీ మీద నడుస్తుందట. “నువ్వు మాటాడితే బాగున్ను తల్లీ. బూరతో ఎంతని మాటాడతాం?” అన్నాడు.

ఒకసారి ఊదాను.

150వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం రెండింటికి ఆట తెరిచాను. పడవ రేవులోనే ఉంది. సరంగు తాత చుక్కాని దగ్గరున్నాడు గానీ కదల్చడం లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది, పరుగెత్తి వచ్చినవాడిలా. బూర ఊదాను.

“ఎవరది? నూకాలూ?” అన్నాడు.

రెండుసార్లు ఊదాను. కాదు.

“తలుపులు మూసీసినారు. ఉక్కగుంది. సెమటైనా పట్టట్నేదు నాకు.”

మా గదిలో తలుపు వెనక ఒక అట్ట వేలాడుతుంటుంది. చెమట ఆగిపోతే, మాట తడబడితే, మనిషి ప్రాణానికి ప్రమాదమని అందులో మూడో వరుస. నూట యాభై రోజులుగా రోజూ చూస్తున్న అట్ట అది.

ఆయన ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు. ఈ ఉద్యోగానికి ముందునుంచీ, మూడేళ్ళుగా కలిసి ఆడుతున్నాం, ఊరి పేరైనా అడగలేదు. రుబీనాకి రాశాను, చూడలేదు. కుళ్ళాయప్పకి రాశాను: “నాతో ఆట ఆడే ముసలాయన ఒకడు వడదెబ్బ తగిలి పడిపోతున్నాడు. ఎండ సాయం వాళ్ళకి ఫోన్ చెయ్యి.”

“యాడుండాడు?”

“తెలీదు. కనుక్కుంటా. లైనులోనే ఉండు.”

పొగమంచులో మూడు పొడుగాటి బూరలకి ‘నువ్వెక్కడ’ అని అర్థం. ఎదురు పడవలు ఒకదాన్నొకటి అలాగే అడుగుతాయి. మూడు ఊదాను.

“రేవులోనే ఉన్నానమ్మా” అన్నాడు తాత.

మళ్ళీ మూడు. మళ్ళీ మళ్ళీ ఊదాను. చాలాసేపటికి ఆయనకి తట్టింది.

“ఆట కాదా? నన్నేనా? నానెక్కడున్నాననా?”

ఔను.

“నాగులరేవు. ఒడ్డునుంచి మూడో ఇల్లు. గుమ్మంలో కూకుంటే నీటి తుంపర మొహాన పడతాది. మా పక్కది గరికినోళ్ళది, ఆ పక్కది మా పెద్దప్పది…”

అన్నీ రాసుకుని కుళ్ళాయప్పకి పంపాను. ఆరు నిమిషాలకి జవాబొచ్చింది.

“అక్కా, ఆ ఊరు లేదంట. తొమ్మిదేండ్ల నాడే సముద్రంలో కలిసిపోయిందంట. ఆ ఊరోళ్ళని కొండ మీద నాలుగు కాలనీలకు పంచినారంట. ఏ కాలనీ, ఏ ఇల్లు అని అడుగుతాండారు. నాలుగూ కలిపి మూడొందలయాభై ఇండ్లంట.”

ఇటు తాత ఇంకా ఒడ్డుమీది ఇళ్ళే చెబుతున్నాడు. ఒక్కొక్క ఇంటికీ ఎవరెవరుంటారో, ఎవరి పడవ ఏ రంగో చెబుతున్నాడు. ఆ గొంతులో సంతోషం ఉంది. ఆపాలంటే నాకు చేతులు రాలేదు. అయినా రెండుసార్లు ఊదాను. కాదు.

“కాదా? మా ఊరు కాదేటి ఇది?”

కాదు.

తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు: “మరైతే నానెక్కడున్నాను తల్లీ?”

మైకు లేని హెడ్‌సెట్‌లోకి నేను అరుస్తూనే ఉన్నాను. తలుపు దగ్గరికి వెళ్ళు తాతా, పక్కవాళ్ళని పిలువు తాతా అని. వినబడదని తెలుసు.

మూడు పొడుగాటి బూరలు మళ్ళీ ఊదాను. అంతకన్నా అడిగే దారి నాకు లేదు.

మంచం కిర్రుమంది. “ఇది సిమెంటు గోడ” అన్నాడు నెమ్మదిగా. “మాది తాటాకిల్లు. ఇది మాది కాదు. ఉండు, తలుపు సూత్తాను. తలుపుమీద అంకెలుంతాయి, అచ్చుపోసినవి, సేతికి తగుల్తాయి.” అడుగులు దూరమయ్యాయి. ఏదో గిన్నె దొర్లింది. గది అవతలినుంచి గొంతు, సన్నగా: “మూడు… ఒకటి… ఇదేటి, నాలుగు. మూడొకటి నాలుగు. ఇంటన్నావా?”

ఔను అని ఊదాను. ఊదుతూ రెండో చేత్తో కుళ్ళాయప్పకి రాశాను. 314.

“మూడో కాలనీ, పద్నాలుగో ఇల్లు. చెప్పేసినా. పోతాండారు” అన్నాడు కుళ్ళాయప్ప.

అప్పుడే బరువుగా ఏదో నేలమీద పడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ముప్పై ఎనిమిది నిమిషాలు విన్నాను. దూరంగా ఒక కాకి అరిచింది. కొళాయి కారుతున్నట్టుంది. పాత హెడ్‌సెట్ వినికిడి ఎంత బాగుందంటే, ఆ బొట్లు ఎడమవైపు పడుతున్నాయని కూడా తెలుస్తోంది. ఆయన ఊపిరి వినబడుతుందేమోనని నా ఊపిరి బిగబట్టాను. ఒక్కోసారి వినబడినట్టే ఉంది.

చివరికి తలుపు తట్టారు. పగలగొట్టారు. ఆడపిల్లల గొంతులు.

“తాతా! కళ్ళు తెరువు తాతా!”

“ఓలే, ఆయనకి సూపు నేదే. తడిగుడ్డ ఇటియ్యి, బేగి!”

ఎవరిదో చెయ్యి ఆ పెట్టెకి తగిలినట్టుంది. సరంగు ఆటనుంచి వెళ్ళిపోయారని తెర మీద వచ్చింది.

సాయంత్రం ఆర్డరు గడువు ముగియడానికి ముందు గరుడ మీది గుర్తు తీసేసి, పేరు లేని ఒంటి చెవి దానికి పెట్టాను.

157వ రోజు

డ్రోను ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. హెడ్‌సెట్ ప్లాస్టిక్ సంచిలో ఉంది. తలమీద పట్టీకి ఎవరో చిన్న స్టిక్కరు అంటించి, గీకి తీసేసిన గుర్తు. మైకు దగ్గర ఇంకా పౌడరు వాసన.

ఆట తెరిచాను. పడవ ఖాళీ.

“నేను వచ్చినా” అన్నాను.

పదహారు రోజుల తర్వాత నా గొంతు ఎవరికైనా వినబడే చోట వినబడింది. కానీ అక్కడ ఎవరూ లేరు. నా మాట నా చెవిలోనే తిరిగి వినిపించే సౌకర్యం ఉంది దీనికి. ఆఫ్ చేశాను.

మొన్న ఆదివారం రుబీనా వచ్చింది. అంతా టైపు చేసి చెప్పాను.

“అక్కా, మా వార్డుల ఈ పది రోజులల్ల…” అని ఆపేసింది. “ఆయనకేం గాదు తీయ్.”

బతికున్నాడో లేదో కనుక్కోమని కుళ్ళాయప్పని నాలుగుసార్లు అడిగాను. బంధువులకి తప్ప చెప్పరట.

163వ రోజు

యాభై రెండు. పలకల నీడలో ఒక తొండ చచ్చి కనబడింది. మూడు బల్లులకి బ్యాటరీలు మార్చాను.

మధ్యాహ్నాలు ఆట తెరిచి పడవలో కూర్చుంటున్నాను. కదిలించను. రేవు నీళ్ళు ఒక చెవిలో మోగుతూ ఉంటాయి.

171వ రోజు

వచ్చాడు.

“ఎవరైనా ఉన్నారేటి?” అన్న గొంతు విని చేతిలోని గ్లాసు వదిలేశాను.

“తాతా! నేనే. బాగుండావా?”

“ఓలమ్మ, తల్లే! ఇన్నాళ్ళూ ఎక్కడికెలిపోనావు? ముసలోడు ఉన్నాడో పోనాడోనని ఒక్కపాలైనా అడగాలనిపించనేదా నీకు?”

నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వడం లేదు. నిజంగానే కోపంగా ఉన్నాడు.

ఆయనకి ఆ మధ్యాహ్నం గుర్తులేదు. అంతకు ముందు ఎనిమిది తొమ్మిది రోజులు కూడా గుర్తులేవు. బూరతో మాట్లాడుకున్నదీ గుర్తులేదు. నా మైకు పోయిందని రుబీనా చెప్పడం దగ్గరే ఆయన జ్ఞాపకం ఆగిపోయింది. తర్వాత ఒక ఆసుపత్రి మంచం. ఇంటికొచ్చి మూడు రోజులైందట. పక్కింటివాళ్ళెవరో చూసి కబురు చేసి ఉంటారని ఆయన నమ్మకం.

చెబుదామనుకున్నాను. ఆ మధ్యాహ్నం నా జీవితంలో ఎవరికీ అంత దగ్గరగా ఉండి ఎరుగను. ఇప్పుడది నాకొక్కదానికే తెలుసు. దండోరా వేసినట్టు చెప్పుకుంటే ఏం బాగుంటుంది?

“మైకు పోయింది తాతా. కొత్తది రావడం ఆలస్యమైంది” అన్నాను.

“మంచిది కొన్నావా?”

“ఒకటే చెవి దీనికి. ఎడమ కుడి తెలీదు.”

“అలగైతే సముద్రం మీద ఏటి సేత్తావు?”

“నువ్వు చెప్తావు గదా.”

అప్పుడు నవ్వాడు.

173వ రోజు

నిన్నంతా ఉండబట్టలేకపోయాను. ఈరోజు చెప్పేశాను. నూకాలూ అని పిలిచిందీ, ఒడ్డుమీది ఇళ్ళూ, సిమెంటు గోడ తడిమిందీ అన్నీ.

ఒంటి చెవిలో కూలర్ చప్పుడు వింటూ కూర్చున్నాను.

“నూకాలు నా పెళ్ళాం” అన్నాడు చివరికి. “ఊరు మునక్కముందే పోనాది. సూడనేదు, మంచిదయింది.” తర్వాత, “నా పేరు మైలపల్లి ఎర్రన్న. పేరు తెలీకుండానే బతికించీసినావు.”

నా పేరు మద్దమ్మ అని చెప్పాను. ఈ మూడేళ్ళలో ఆయన అదీ అడగలేదు.

175వ రోజు

నాకు పదకొండు రోజుల సెలవుంది. చేరినప్పటినుంచి వాడలేదు. అడిగాను.

“ఎండకాలంలో రక్తసంబంధం ఉండేవాళ్ళ కాడికి పోయేదానికే ఇస్తారక్కా. ఫారంలో ‘ఏమవుతారు’ అని ఒక గడుంది. అది ఖాళీగుంటే సిస్టం తీసుకోదు” అన్నాడు కుళ్ళాయప్ప.

మధ్యాహ్నం ఆటలో తాతని అడిగాను. “తాతా, నేను నీకేమవుతాను?”

“అదేటి ప్రశ్న?”

విషయం చెప్పాను.

“మేనకోడలని రాసీ. మా అప్ప కూతురివని. మా అప్పని అడగడానికి ఎవరెల్తారు?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నిజంగా వొత్తావా? ఇక్కడ సూడ్డానికేటీ నేదు తల్లీ” అన్నాడు.

ఫారం పంపాను. కుళ్ళాయప్ప అరగంటలో మంజూరు చేసి పంపాడు. కింద ఒక వాక్యం రాశాడు: “మీ మామను అడిగినానని చెప్పక్కా.”

179వ రోజు

నీళ్ళ బండిలో కర్నూలుకి, అక్కడినుంచి రెండు రైళ్ళు మారి, ఉదయం ఏడున్నరకి కొండ మీది కాలనీకి చేరాను. ఇళ్ళన్నీ ఒకే పోలికలో ఉన్నాయి. ఎక్కడో కింద సముద్రం ఉందని గాలిని బట్టి తెలుస్తోంది, కనబడదు.

తలుపు తీసే ఉంది. పెద్ద గొంతును బట్టి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా కూడా రాని పల్చటి ముసలాయన, మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాడు.

“ఎవరది? ఎండ సాయం పిల్లలేనా? నీళ్ళు తాగీసినాను, రాసీసుకొని ఎలిపోండి.”

గుమ్మంలో నిలబడ్డాను. దాదాపు ఆరు నెలలుగా ఎదురెదురుగా ఒక మనిషితో మాట్లాడలేదు. దానికి గొంతు ఎంత పెట్టాలో తెలియలేదు.

“నేను తాతా” అన్నాను. గుసగుసలా వచ్చింది.

ఆయన చేతులు ఆగాయి. “ఏదీ, ఇంకోపాలి.”

“నేనే. మద్దమ్మని.”

లేచి, గోడ పట్టుకుని వచ్చి, నా మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. వేళ్ళు వెల్లుల్లి వాసన.

“మైకులోకన్నా సన్నంగుంది నీ గొంతు. తింతన్నావా సరిగ్గా?”

ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తడుముకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. “ఉప్పుసేప తింతావా?” అన్నాడు అటువైపు తిరిగే.

“తింటా.”

“ఎన్నాళ్ళుంతావు?”

“రాకపోకలు పోను తొమ్మిది రోజులు.”

ఆయన గరిటె కింద పెట్టాడు. ఒక్కో వేలూ మడుస్తూ తొమ్మిదీ లెక్కపెట్టాడు. తర్వాత చేతులు విప్పి, మళ్ళీ మొదటినుంచి, ఈసారి ఇంకా నెమ్మదిగా, లెక్కపెట్టాడు.